చెమట పట్టిన పెట్టె

పోయిన నెల, పింఛను కోసం, ఇంకా బతికే ఉన్నానని చూపించుకోవడానికి విజయనగరంలో బ్యాంకుకు వెళ్ళాను. మాజీ సైనికులమంతా ఏటా ఒకసారి చేసే పనే ఇది. చిన్న గాజు పలక మీద బొటనవేలు పెట్టమంటారు. యంత్రం గుర్తుపడితే బతికున్నట్టు, లేకపోతే మేనేజరు గదిలోకి వెళ్ళి ఆయన ముందు మళ్ళీ బతకాలి. నా వేలు ఆ గాజు మీద నిలవలేదు. నాలుగుసార్లు పెట్టాను, నాలుగుసార్లూ ఎర్ర దీపమే వెలిగింది. కౌంటర్లో అమ్మాయి మంచిది. నా మణికట్టు మెల్లగా పట్టుకుని వేలు గాజుకు అదిమి, "వయసు కదా తాతగారూ, చేతులు వణుకుతాయి" అంది. అవునమ్మా అన్నాను. వెనక పెద్ద వరుస ఉంది, అది చెప్పుకునే చోటు కాదు. నిజానికి నా చేతులు వయసొచ్చి వణకడం మొదలుపెట్టలేదు. ఇరవై ఏడేళ్ళప్పుడే మొదలుపెట్టాయి. చాలాకాలం దాన్ని దాచుకున్నాను. దాచడం కుదరని రోజొకటి వచ్చింది. ఆ రోజు నా పక్కనున్న మనిషి ఇప్పుడు లేడు కనక, నేనైనా రాసి పెట్టాలి.

మాది శృంగవరపుకోట దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. చైనా యుద్ధం తర్వాత ఊరూరా తిరిగి కుర్రాళ్ళను పట్టుకుపోతున్న రోజుల్లో, పరీక్ష తప్పి ఇంట్లో మొహం చూపించలేక సైన్యంలో చేరిపోయాను. ఇంజనీర్ల దళంలో వేశారు. వంతెనలు కట్టడం, రాళ్ళు పేల్చి రోడ్లు వేయడం, మందుపాతరలు పాతడం, పాతినవి తియ్యడం మా పని. పదిహేనేళ్ళు చేసి, చిన్న పింఛనుతో వచ్చేసరికి ఊళ్ళో నా వాటా పొలం ఒక గొడ్డు మేయడానికి సరిపోయేంత ఉంది. అప్పటికే మా బామ్మర్ది అరకుకు అవతల, రైలు స్టేషనుకు దగ్గర్లో ఉన్న ఒక సంత ఊళ్ళో టీ హోటలు పెట్టాడు. "కిందన ఎండలో ఏటి సేత్తావు బావా? కొండెక్కీ. ఇక్కడ దీపం పాడైతే బాగుసేసే నాథుడు నేడు" అని కబురు పెట్టాడు. మా ఆవిడను తీసుకుని కొండెక్కాను.

అతని హోటలు పక్కనే మూడు వైపులా చెక్కలు కొట్టి, పైన రేకులు వేసి, దుకాణం తెరిచాను. పెళ్ళిళ్ళకూ జాతరలకూ గ్యాసు లైట్లు అద్దెకివ్వడం, పంపు స్టవ్వులు బాగుచేయడం, కారే బిందెలకు మాటు వేయడం, తాళంచెవి పోయిన పెట్టెలు తెరవడం, కిరసనాయిలు అమ్మడం. బోర్డు మీద 'మిలటరీ షాపు' అని రాయించింది మా బామ్మర్దే. బోర్డు ఉన్నాక కథలు కూడా ఉండాలి కదా. మాటు వేసే ఇనప కాడ నిప్పుల్లో కాలేలోగా బిందె తెచ్చినవాడికి ఒక యుద్ధం చెప్పేవాణ్ణి. సరిహద్దులో గోధుమ చేలల్లో ఒక్క పూటలో ఏడు మందుపాతరలు తీశానని మొదట్లో చెప్పేవాణ్ణి. రెండేళ్ళు తిరిగేసరికి అవి ఇరవై మూడయ్యాయి. అబద్ధం అనిపించేది కాదు, వ్యాపారం అనిపించేది. సంతకొచ్చిన వాళ్ళు బాగున్న స్టవ్వులు కూడా తెచ్చి చూడమనేవారు.

సంత శుక్రవారం. తెల్లారేసరికి కొండల మీంచి కావిళ్ళు దిగేవి. పసుపు, అల్లం, పిప్పళ్ళు, చింతపండు, అడ్డాకుల కట్టలు. మైదానం నుంచి ఉప్పూ, ఎండుచేపలూ, చీరలూ, గాజులూ వేసుకుని సావుకార్లు లారీల్లో ఎక్కివచ్చేవారు. వాళ్ళ దగ్గర కొనేటప్పుడు వాడే కుంచం వేరు, అమ్మేటప్పుడు వాడేది వేరు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అన్నదమ్ముల్లా ఉండేవి, కడుపులే తేడా. ఒకాయన తక్కెడకు ఒక పక్క పళ్ళెం కింద చింతపండు అంటించి ఉండేది. వాళ్ళను అనడమెందుకు, నా కిరసనాయిలు కొలత అడుగు కూడా లోపలికి సొట్టపడి ఉండేది. అది దానంతటదే పడిన సొట్ట అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

ఎనభయ్యో, ఎనభై ఒకటో గుర్తులేదు, నడి వేసవి. ఆ శుక్రవారం పొద్దున్న పదకొండు గంటలవేళ ఒక ఆదివాసీ పెద్దాయన దుకాణం ముందు ఆగాడు. అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. కావడికి ఒక వైపు పసుపు బుట్ట, రెండో వైపు మూరెడు పొడవున్న చెక్కపెట్టె. నేను లోపల స్టవ్వు విప్పుతున్నాను. ఆయన కావడి దించి, పెట్టెను తాళ్ళ నుంచి విప్పి, రెండు చేతులా తెచ్చి నా పనిబల్ల మీద దబ్బున పెట్టాడు.

"తాళాలు తీసే మిలటరీ బాబువి నువ్వేనా?"

"నేనే, తాతా."

"దీని మూత రావట్నేదు. తీసియ్యి. ఇత్తనాలు పోసుకుంతాను. ఎలకలు తినేత్తన్నాయి."

అప్పుడు నాకు వాసన తగిలింది. బాగా మాగి నల్లబడిన అరటిపండు లాంటి తియ్యటి వాసన. శిక్షణలో ఒక ముసలి సుబేదారు మమ్మల్ని వరుసగా నిలబెట్టి ఆ వాసన చూపించి, జన్మలో మర్చిపోవద్దన్నాడు. పెట్టె మూలల్లో, చెక్కలు కలిసిన చోట, నువ్వులనూనె లాంటి చుక్కలు కట్టి ఉన్నాయి. రైలు దారి కోసం కొండలు తొలిచిన రోజుల్లో ఎవరో గుత్తేదారు మనుషులు వదిలేసిన మందుగుండు. ఏళ్ళ తరబడి మగ్గిపోతే ఆ మందు చెమట పడుతుంది. చెమట పట్టిందానికి నిప్పు అక్కర్లేదు, కుదుపు చాలు.

"ఎక్కడిది తాతా ఇది?"

"బొక్కదారి పైన, రాయి కింద ఉన్నాది. దుంపలు తవ్వతంటే అగుపడింది." సొరంగాన్ని వాళ్ళు బొక్కదారి అనేవారు. ఆయన నుదురు రుద్దుకున్నాడు. "మోసిన కాణ్ణించీ ఒకటే తలనొప్పి."

ఆ తలనొప్పి కూడా సుబేదారు చెప్పిందే. "దారిలో ఎన్నిసార్లు దించావు?" అన్నాను.

"నాలుగుసార్లు. గెడ్డ దాటతంటే ఓపాలి జారి పడిపోనాను."

నేను స్టవ్వును చప్పుడు కాకుండా నేల మీద పెట్టాను. బయట సంతలో వెయ్యిమందికి తక్కువ లేరు. మా వెనకగోడకు ఆనుకుని మిషను వాళ్ళ ఆస్పత్రి. దాంట్లో జ్వరాలతో ఏడెనిమిది మంది, ఆ పొద్దున్నే ప్రసవించిన ఒక మనిషి. నా దుకాణంలో రెండు పీపాల కిరసనాయిలు. పైన రేకు ఎండకు టక్కుటక్కుమంటోంది.

పెద్దాయన్ను బల్ల జోలికి పోవద్దని చెప్పి, పక్కకు వెళ్ళి మా బామ్మర్ది చెవిలో సంగతి చెప్పాను. అతను టీ వడగడుతున్నాడు. గిన్నె దించాడు. "బావా, ఇది నువ్వు సెప్పే కతల్లోది కాదు గదా?" అన్నాడు. కాదన్నాను.

అరిచి చెబుదామన్నాను నేను. అతనే ఆపాడు. "బాంబని అరిత్తే ఒకళ్ళ మీదొకళ్ళు పడి సత్తారు. అందరూ నీ కొట్టు ముందునించే రోడ్డు మీదికి పరిగెట్టాల. ఉండు." తువ్వాలు భుజాన వేసుకుని తీరిగ్గా నడిచి, గాజుల బండి దగ్గర ఒకసారి, ఎండుచేపల దగ్గర ఒకసారి, చింతపండు సావుకారు దగ్గర ఒకసారి ఆగాడు. ప్రతిచోటా చెప్పింది ఒక్కటే. "తూనికలు తనికీ సేసేవోళ్ళు జీపులో వత్తన్నారంట. స్టేషను కాడ దిగినారంట. నానన్నానని సెప్పకండి."

ఎంత కవాతు చేయించిన పటాలం కూడా అంత క్రమంగా వెనక్కి తగ్గడం నేను చూడలేదు. ఎవరూ పరిగెత్తలేదు, ఎవరూ అరవలేదు. కుంచాలు గోనెల్లోకి వెళ్ళాయి, గోనెలు లారీల్లోకి వెళ్ళాయి. సరుకిచ్చి ఇంకా డబ్బు అందని కొండవాళ్ళు లారీల వెనకే నడిచారు. పావుగంటలో సంత మొత్తం ఊరి చివర మలుపు దాటిపోయింది. మిగిలింది తొక్కిన అడ్డాకులూ, రెండు కుక్కలూ. మా బామ్మర్ది పట్నం పోలీసులకు ఫోను చేయించడానికి రైలు స్టేషనుకు సైకిలు తొక్కాడు. వాళ్ళు రావాలంటే మర్నాడే. అప్పటిదాకా ఆ ఎండలో, ఆ రేకు కింద, కిరసనాయిలు పక్కన పెట్టెను ఉంచడానికి లేదు. ముట్టుకోకూడనిదాన్ని ముట్టుకోక తప్పదని నాకు తెలిసిపోయింది.

ఇంట్లోంచి మా ఆవిడ వచ్చింది. ఆస్పత్రి సిస్టరుకు చెప్పి, నడవగలిగిన వాళ్ళను చర్చి వైపు పంపించి, తననూ అక్కడికే వెళ్ళమన్నాను. ఆమె కదల్లేదు. "ఇరవై మూడు తీసేనని సెప్పుకుంటారు గదా," అంది, "మరి మొకం అలగుందేటి?" ఆమె నా చేతుల వంక చూసి, ఆస్పత్రి లోపలికి వెళ్ళింది. చర్చికి పోలేదు. కదలలేని ఆ బాలింత మంచం దగ్గరే కూర్చుందని తర్వాత తెలిసింది.

పెట్టెను ఊరి పక్క గెడ్డలో, వేసవికి ఎండిన ఆ వాగులో, ఇసక గుంటకు చేర్చాలని రెండు గోనెసంచులు తడిపి తెచ్చాను. బల్ల దగ్గర నిలబడి రెండు చేతులూ పెట్టెకు రెండు పక్కలా చాపాను. జానెడు దూరంలో ఆగిపోయాయి. వణుకు వేళ్ళలో మొదలై మోచేతి దాకా ఎక్కింది. వెనక్కి తీసుకుని, తొడకేసి రుద్ది, మళ్ళీ చాపాను. మళ్ళీ అంతే. పెద్దాయన గడప దగ్గర గొంతుక్కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. పొమ్మంటే పోలేదు. పెట్టె ఆయనది మరి.

డెబ్బై ఒకటి యుద్ధం ఆగాక, పాతిన పాతరలు తియ్యడానికి మమ్మల్ని పడమటి సరిహద్దులో ఉంచారు. పొగమంచు. బోర్లా పడుకుని, బాయినెట్టు మొనతో మట్టిని అంగుళం అంగుళం పొడుచుకుంటూ పోవాలి. మా జట్టుకు పెద్ద ఒక తమిళ హవల్దారు. ఆయన పెట్టిన నియమం ఒకటే. చెయ్యి వణికితే చెప్పు, సిగ్గుపడకు, ఆ రోజుకు వంటశాలలో ఉల్లిపాయలు తరుగు. నాకు మూడు రోజులుగా వణుకుతోంది. చెప్పలేదు. ఉల్లిపాయలు తరగడం నామోషీ అనిపించింది. నాలుగో రోజు ఒక పాతర తగిలింది, నా చెయ్యి దాని మీద బిగుసుకుపోయింది. ముందుకూ రాదు, వెనక్కీ రాదు. ఆయన పాకుతూ వచ్చి, నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, "తంబీ, నువ్వు వెనక్కి పో" అన్నాడు. పోయాను. నేను కలవరపడి సరిగ్గా గుర్తు పెట్టని పాతర ఇంకొకటి ఆయన మోకాలి దగ్గరే ఉంది. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. ఆయన్ను లారీలో ఎక్కిస్తున్నప్పుడు నేను కనపడకుండా గుడారం వెనక నిలబడ్డాను. తర్వాత ఏడనీ, ఇరవై మూడనీ కథలు చెప్పింది అలా దాక్కున్న నేనే.

గడప దగ్గరున్న పెద్దాయనకు ఇదంతా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు. తొమ్మిదేళ్ళలో కట్టుకున్న మనిషికి కూడా చెప్పలేదు. ఆ పెట్టెలో ఏముందో, పేలితే ఏమవుతుందో కూడా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. చివర్న, "తాతా, నా చెయ్యి వణుకుతోంది" అన్నాను.

"అయితే నాను మోత్తాను," అని లేచాడు. "ఇక్కడిదాకా మోసినాను గదా."

హవల్దారు చెప్పిందీ ఇదే. అదే మాట. మనిషి మారాడు, భాష మారింది, మాట అదే. నేను మళ్ళీ వెనక్కి పోవాలి, ఇంకొకరు నా బదులు వంగాలి. "వద్దు," అన్నాను. "నువ్వు మొయ్యడానికి వీల్లేదు." ఇంతకంటే గట్టిగా నేను సైన్యంలో కూడా మాట్లాడలేదు.

ఆయన వెళ్ళి తన కావడి బద్ద తెచ్చాడు. "సెయ్యి వణుకుతాది గానీ బుజం వణకదు బాబు," అన్నాడు. "మజ్జిన కడదాం. ఒక కొస నువ్వు, ఒక కొస నాను. నీ వణుకు సగం నాకొత్తాది, పరవానేదు."

తడి గోనె ఒకటి పెట్టె కిందికి ఆయనే దూర్చాడు, వేలు వేలుగా, నిద్రపోయే పిల్ల కింద పక్కగుడ్డ మార్చినట్టు. రెండోది పైన కప్పాం. గోనె నాలుగు చెవులూ తాళ్ళతో బద్ద మధ్యకు పొట్టిగా, ఊగకుండా కట్టాం. కట్టింది కూడా ఆయనే. నేను ముడి ఎక్కడ పడాలో చెప్పాను. అందులో నా చదువు, ఆయన చేతులు. భుజాలకెత్తుకున్నప్పుడు బద్ద కిర్రుమంది.

దుకాణం నుంచి గెడ్డలో ఇసక గుంట దాకా నూట పది అడుగులు. తర్వాత కొలిచాను. ఆయన ముందు, నేను వెనక. "కుడి," అనేవాణ్ణి, "ఎడమ." పదో అడుగుకే ఆయన, "అనకు బాబు, నానే అంతాను, నీ గొంతు కూడా వణుకుతంది" అన్నాడు. అప్పటినుంచి ఆయన తన భాషలో ఏదో గొణుగుతూ నడిచాడు, దానికి నేను అడుగు కలిపాను. నా కళ్ళముందు ఆయన మెడ, దాని మీద కావడి కాసిన కాయ, కాయ పక్కనుంచి కారుతున్న చెమట. గోనెలోంచి నీటిచుక్క రాలినప్పుడల్లా అది నీళ్ళో ఇంకోటో తెలిసేది కాదు. సంతలో మిగిలిన కుక్కల్లో ఒకటి ఎండుచేప వాసనకు కాబోలు మా వెనక పడింది. తరమడానికి లేదు, రాయి విసరడానికి లేదు. అది నా పిక్కలు వాసన చూస్తూ సగం దారి వచ్చి, విసుగెత్తి పోయింది. గెడ్డ గట్టు దిగేచోట ఆయన కాలు ఇసకలో జారింది. బద్ద నా మెడకేసి కొట్టుకుంది. పెట్టె ఒక్క బెత్తెడు ఊగి ఆగింది. ఆయన వెనక్కి తిరక్కుండా, "ఉన్నావా?" అన్నాడు. "ఉన్నాను," అన్నాను.

ఇసకలో దించి, తాళ్ళు కోసి, అడుగులో అడుగు వేసుకుంటూ గట్టెక్కాక నేను వాంతి చేసుకున్నాను. ఆయన నా వీపు రాస్తూ కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పట్నం నుంచి వచ్చినవాళ్ళు ఊరందరినీ చర్చి అవతలికి పంపించి దాన్ని అక్కడే పేల్చారు. మా దుకాణం రేకులు రెండు లేచిపోయాయి. ఆస్పత్రి కిటికీ అద్దాలు రాలాయి. ముందురోజు పుట్టిన బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. గెడ్డలో బావి తవ్వినంత గొయ్యి పడింది. పెద్దాయన ఆ గొయ్యి అంచున చాలాసేపు నిలబడ్డాడు. "నాలుగుసార్లు దించినాను," అని తనలో తాను అనుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మరి నా ఇత్తనాలకి పెట్టో?" అన్నాడు.

నా దగ్గరున్న ఖాళీ కిరసనాయిలు డబ్బాలు విప్పి, కడిగి, మాటు వేసి, బిగువైన మూతతో పెట్టె చేసిచ్చాను. అతుకులు వంకర పోయాయి. ఆయన నీళ్ళు పోసి చూసి, కారలేదని ఒప్పుకుని తీసుకెళ్ళాడు.

సావుకార్లు మా బామ్మర్దితో మూడు వారాలు మాట్లాడలేదు. అయితే ఆ మూడు వారాలూ సంతలో తూకాలు నిఖార్సుగా ఉన్నాయని కొండవాళ్ళే చెప్పారు. నేను నా కొలత సొట్ట సుత్తితో సరిచేసుకున్నాను. ఊళ్ళో మాత్రం, మిలటరీ ఆయన ఒంటిచేత్తో బాంబు మోశాడని కొత్త కథ పుట్టింది. అడిగినవాడికల్లా, ఇద్దరం మోశామనీ, నాకు చెయ్యి వణికిందనీ, ముడి వేసింది ఆయననీ చెప్పేవాణ్ణి. వినేవాళ్ళకు ఆ కథ అంత నచ్చేది కాదు. మా ఆవిడకు హవల్దారు సంగతి చెప్పినప్పుడు, "నిద్దట్లో తమిళం మాటాడతారు, ఏదో ఉందనుకున్నాను" అంది. ఆమె పోరు పడలేక సేలం జిల్లాలో ఆయన ఊరికి ఉత్తరం రాశాను. జవాబు ఆయన కూతురు రాసింది. నాన్నకు కోపం లేదు, కొయ్యకాలు ఉంది, మూడు ఆవులున్నాయి, మీ చెయ్యి ఇంకా వణుకుతోందా అని అడుగుతున్నారు, ఉల్లిపాయలు తరగడం నేర్చుకున్నారా అని కూడా అడుగుతున్నారు అని. ఆ ఏడే వెళ్ళి కాళ్ళమీద, ఉన్న ఒక్క కాలిమీద, పడి వచ్చాను.

పెద్దాయన ఆ తర్వాత ఐదారేళ్ళు ప్రతి శుక్రవారం వచ్చి మా దుకాణం ముందు కాసేపు కూర్చుని వెళ్ళేవాడు. ఎక్కువ మాట్లాడుకున్నది లేదు. ఒక వర్షాకాలం తర్వాత రావడం మానేశాడు. వాళ్ళ ఊరివాళ్ళను అడిగితే, విత్తనాలు చల్లే రోజుల్లోనే పోయాడని చెప్పారు.

సైన్యంలో పదిహేనేళ్ళూ, కొండ మీద దుకాణంలో ఇరవై ఏళ్ళూ ఎలా గడిచాయని ఎవరైనా అడిగితే రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆ నూట పది అడుగుల్లో మాత్రం, ఎంత రాసినా, నేనింకా సగం దారిలోనే ఉన్నట్టుంటుంది.